నెట్ పోగానే స్క్రిప్ట్ దానంతట అదే నడవాలి: రొయ్యల చెరువు గట్టు మీద రాస్‌బెర్రీ పై

ఉండి_గట్టు అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారమండి. ఫోన్‌లో తెలుగు కీబోర్డుతోనే రాస్తున్నాను, కాబట్టి కమాండ్లు, ఫోల్డర్ల పేర్లు మనం పలికినట్టే రాశాను.

మాది పశ్చిమ గోదావరి జిల్లా, ఉండి దగ్గర పల్లెటూరు. నాన్నగారు వనామి రొయ్యలు సాగు చేస్తారు, రెండు చెరువులు. నాది బెంగళూరులో ఉద్యోగం. మోటారు షెడ్డులో రాస్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్ (కింద "పై" అని రాసింది దీన్నే) ఒకటి పెట్టి దానికి డీఓ సెన్సర్ తగిలించాను. నీళ్లలో కరిగిన ఆక్సిజన్ ఎంత ఉందో నిమిషానికోసారి ఎంక్యూటీటీ (సెన్సర్ల కబుర్లు పంపే పద్ధతి) మీద నా చిన్న క్లౌడ్ సర్వర్‌కి పంపుతుంది. నేను ఇక్కడి నుంచి గ్రాఫ్ చూసుకుంటాను. డీఓ బాగా పడితే మోగడానికి షెడ్డులో సైరన్ కూడా ఉంది.

చెరువుల సంగతి తెలియనివాళ్లకు ఒక్క మాట. పగలు నీళ్లలోని ప్లాంక్టన్ ఎండకు ఆక్సిజన్ తయారు చేస్తుంది, రాత్రంతా తిరిగి ఆక్సిజన్ వాడుకుంటుంది. అందుకే తెల్లవారుజామున డీఓ బాగా కిందికి వస్తుంది. లీటరుకు 4 మిల్లీగ్రాముల పైన ఉంటే పర్వాలేదు. 3 దగ్గరికి వచ్చిందంటే ఏరియేటర్లన్నీ (నీళ్లలో గాలి కలిపే యంత్రాలు) తిరుగుతున్నాయో లేదో లేచి చూడాల్సిందే. ఇంకా పడితే రొయ్య తేలిపోతుంది. నెలల కష్టం, పెట్టుబడి ఒక్క రాత్రిలో పోతాయి.

నెట్ పోతే నాకు గ్రాఫ్ ఆగిపోయి కనిపిస్తుంది, అంతే. చెరువు బాగానే ఉండి నెట్ ఒక్కటే పోయిందా, పై ఆగిపోయిందా, ఊళ్లో కరెంటే పోయిందా, ఏదీ తెలియదు. ఆ టెన్షన్‌తో నాన్నగారికి అర్ధరాత్రి ఫోన్ చేసి లేపాల్సి వస్తోంది. ఆయన వయసుకి రోజూ అలా లేపడం నాకు ఇష్టం లేదు.

నాకు కావలసింది ఇది. నెట్ పోగానే పై తనంతట తానే ఒక స్క్రిప్ట్ నడపాలి. యూఎస్‌బీ 4జీ డాంగిల్ నుంచి నాకు ఎస్ఎంఎస్ రావాలి, షెడ్డులో రిలే (పై ఆన్ చేయగల స్విచ్) మీద చిన్న బల్బు వెలగాలి, నెట్ వచ్చేదాకా రీడింగులు పైలోనే దాచుకోవాలి. నెట్ తిరిగి వస్తే ఇంకో స్క్రిప్ట్ నడిచి బల్బు ఆర్పాలి.

ఓఎస్ బుక్‌వార్మ్ (రాస్‌బెర్రీ పై కోసం వచ్చే లైనక్స్‌లో ఒక వెర్షన్). ఫైబర్ బాక్స్ నుంచి ఈథర్నెట్ వైరు నేరుగా రాస్‌బెర్రీ పైకి వస్తుంది, ఇంటర్‌ఫేస్ పేరు ఈటీహెచ్0. రెండూ ఒకే ఇన్వర్టర్ మీద ఉన్నాయి. పాత వ్యాసాల్లో చూసి ఈటీసీ/నెట్‌వర్క్/ఇఫ్-డౌన్.డి ఫోల్డర్‌లో స్క్రిప్ట్ పెట్టి ఎగ్జిక్యూట్ పర్మిషన్ ఇచ్చాను. వైరు పీకి చూస్తే స్క్రిప్ట్ నడవలేదు. పైగా మా దగ్గర ఎక్కువగా జరిగేది వైరు ఊడటం కాదు. బాక్స్ లైట్లన్నీ వెలుగుతూనే ఉంటాయి, ఎల్ఓఎస్ (ఫైబర్ సిగ్నల్ లేదని) అన్న చోట ఎర్ర లైటు కొట్టుకుంటుంది. అప్పుడు లైనక్స్‌లో ఏ కదలికా ఉండట్లేదు. ఏ ఫోల్డర్‌లో పెట్టాలి? అసలు ఇది కుదిరే పనేనా?

కోనసీమ_కోడర్:

కుదురుతుందండి. తేలిక దారి క్రాన్, అంటే చెప్పిన వేళకు కమాండ్ నడిపే ఏర్పాటు. నిమిషానికోసారి ఏదైనా బయటి అడ్రస్‌కి పింగ్ కొట్టండి, జవాబు రాకపోతే స్క్రిప్ట్ పిలవండి. నేను ఇంట్లో కెమెరాకి అలాగే పెట్టుకున్నాను, బాగానే నడుస్తోంది. నెట్ పోయినంతసేపూ నిమిషానికోసారి ఎస్ఎంఎస్ వెళ్లకుండా మాత్రం చూసుకోండి.

బెజవాడ_రూట్:

బ్రదర్, నేను కొన్నేళ్లు చిన్న కేబుల్ నెట్ ఆపరేటర్ల దగ్గర లైన్లు, సర్వర్లు చూసేవాడిని. మీరు చెప్పిన ఎర్ర లైటు సంగతే ఇక్కడ అసలు ప్రశ్న. అందుకే కొంచెం వివరంగా రాస్తాను.

"నెట్ పోయింది" అని మనం ఒక్క మాటలో అనేది లైనక్స్‌కి ఒక్క సంఘటన కాదు. వైరు ఊడిందనుకోండి, బాక్స్ ఆగిపోయిందనుకోండి, నెట్‌వర్క్ కార్డుకి సిగ్నల్ ఆగిపోతుంది. దాన్ని క్యారియర్ పోవడం అంటారు. కెర్నల్‌కి, అంటే లైనక్స్ గుండెకాయకి, అది వెంటనే తెలుస్తుంది. మీ పైలో సిస్/క్లాస్/నెట్/ఈటీహెచ్0 కింద క్యారియర్ అనే ఫైలు చదివితే 1 ఉన్న చోట 0 కనిపిస్తుంది. కానీ ఫైబర్ స్తంభం దగ్గర తెగితే మీ బాక్సుకి, రాస్‌బెర్రీ పైకి మధ్య వైరు చక్కగానే ఉంటుంది. క్యారియర్ 1, ఐపీ అడ్రస్ ఉంటుంది, డీఫాల్ట్ రూట్ (బయటికి వెళ్లే దారి) ఉంటుంది. కాలువ మీద లాకులు మూసేస్తే మన చేను పక్క బోదె ఎక్కడికీ పోదు, నీళ్లు మాత్రం రావు. కెర్నల్ చూసేది బోదెనే. అందుకే ఏ కదలికా లేదు. అవతలి దాకా వెళ్లి అడిగితే తప్ప ఈ రెండో రకం ఎవరికీ తెలియదు. అది ఏ డిస్ట్రోలో (లైనక్స్ రకంలో) అయినా అంతే.

ఇప్పుడు మీ ఫోల్డర్ సంగతి. ఇఫ్-డౌన్.డి అనేది ఇఫ్అప్‌డౌన్ అనే పాత ప్యాకేజీది. ఎవరైనా ఇఫ్‌డౌన్ కమాండ్ కొట్టినప్పుడు నడవడానికి పెట్టిన చోటు అది. వైరు ఊడితే ఆ కమాండ్ ఎవరు కొడతారు? పాత రోజుల్లో అందుకోసమే ఇఫ్‌ప్లగ్‌డీ అనే చిన్న డీమన్ (వెనక నడుస్తూ ఉండే ప్రోగ్రామ్) వేసుకునేవాళ్లం. ఇంకోటి, ఆ ఫోల్డర్లను నడిపేది రన్-పార్ట్స్. ఫైలు పేరులో చుక్క ఉంటే అది ముట్టుకోదు. పేరు చివర డాట్ ఎస్‌హెచ్ పెట్టిన స్క్రిప్టులు అక్కడ ఎప్పటికీ నడవవు, ఎర్రర్ కూడా రాదు.

బుక్‌వార్మ్ నుంచి రాస్‌బెర్రీ పై ఓఎస్‌లో నెట్‌వర్క్ చూసుకునేది నెట్‌వర్క్‌మేనేజర్. కాబట్టి మీ స్క్రిప్ట్ ఉండాల్సింది ఈటీసీ/నెట్‌వర్క్‌మేనేజర్/డిస్పాచర్.డి లో. నెట్‌వర్క్‌లో ఏదైనా మారినప్పుడు అందులోని స్క్రిప్టులను నడిపేదే డిస్పాచర్. 90-నెట్‌కబురు అన్నట్టు ముందు అంకె పెట్టి పేరు పెట్టండి, అక్షర క్రమంలో నడుస్తాయి. ఫైలు ఓనర్ రూట్ (అన్ని హక్కులూ ఉన్న అడ్మిన్ యూజర్) అయి ఉండాలి, ఎగ్జిక్యూట్ పర్మిషన్ ఉండాలి, గ్రూపుకి గానీ ఇతరులకు గానీ రైట్ పర్మిషన్ ఉండకూడదు, సెట్‌యూఐడీ (ఎవరు నడిపినా ఓనర్ హక్కులతో నడిచే గుర్తు) ఉండకూడదు. ఎందుకైనా మంచిదని 777 (అందరికీ అన్ని పర్మిషన్లు) కొట్టేవాళ్లు చాలామంది ఉన్నారు. ఇక్కడ 777 కొడితే నడవదు, 755 (రైట్ పర్మిషన్ ఓనర్‌కి మాత్రమే) పెట్టండి. రూట్ హక్కులతో నడిచే ఫైలుని ఎవరు పడితే వాళ్లు మార్చగలిగితే ప్రమాదం కదా, అందుకే ఆ పట్టింపు.

స్క్రిప్ట్‌కి మొదటి ఆర్గ్యుమెంట్‌గా ఇంటర్‌ఫేస్ పేరు, రెండోదిగా జరిగిన సంగతి వస్తాయి. వైరు పీకితే ఈటీహెచ్0, డౌన్. తిరిగి పెడితే ఈటీహెచ్0, అప్. వైరు పీకగానే క్షణంలో రాదు, నెట్‌వర్క్‌మేనేజర్ కొన్ని సెకన్లు ఆగి చూస్తుంది. ప్రీ-డౌన్ అని ఇంకోటి ఉంది, దాన్ని నమ్ముకోకండి. మనం మర్యాదగా కనెక్షన్ ఆపినప్పుడే అది వస్తుంది. వైరు ఊడినా, వైఫై సిగ్నల్ పోయినా రాదు. మీకు కావలసింది డౌన్.

ఎర్ర లైటు రకానికి ఉన్నది కనెక్టివిటీ-చేంజ్ అనే సంగతి. నెట్‌వర్క్‌మేనేజర్ ఒక వెబ్ అడ్రస్‌ని అప్పుడప్పుడు అడిగి, అనుకున్న జవాబు వచ్చిందో లేదో చూస్తుంది. మారితే డిస్పాచర్‌ని పిలిచి, కనెక్టివిటీ_స్టేట్ అనే వేరియబుల్‌లో ఫుల్, లిమిటెడ్, పోర్టల్, నన్, అన్‌నోన్ అనే వాటిలో ఒకటి పెడుతుంది. ఇది మొత్తం సిస్టమ్‌కి సంబంధించింది కాబట్టి ఇంటర్‌ఫేస్ పేరు మీద ఆధారపడకండి. పోర్టల్ అన్నది మన ఊళ్లలో చాలా పనికొస్తుంది. బిల్లు గడువు దాటితే కొందరు ఆపరేటర్లు మనం ఏ పేజీ అడిగినా రీచార్జ్ పేజీ చూపిస్తారు. అప్పుడు పింగ్‌కి జవాబు రావచ్చు, కానీ మీ రీడింగ్ ఒక్కటీ వెళ్లదు. పైన కోనసీమ_కోడర్ గారు చెప్పిన పింగ్ పద్ధతిలో ఈ తేడా దొరకదు.

దీన్ని ఆన్ చేయాలంటే ఈటీసీ/నెట్‌వర్క్‌మేనేజర్/కాన్ఫ్.డి లో చిన్న ఫైలు పెట్టి, కనెక్టివిటీ అనే సెక్షన్ కింద యూఆర్ఐ, రెస్పాన్స్, ఇంటర్వల్ మూడూ ఇవ్వండి. ఇంటర్వల్ మామూలుగా 300 సెకన్లు, అంటే 5 నిమిషాలు. మీకు 60 పెట్టండి. యూఆర్ఐ మీ క్లౌడ్ సర్వర్ మీదే ఒక చిన్న టెక్స్ట్ ఫైలు అయితే మంచిది. కానీ హెచ్‌టీటీపీఎస్ కాకుండా మామూలు హెచ్‌టీటీపీలో ఉంచండి, అప్పుడే దారి మళ్లించిన పేజీని పోర్టల్‌గా గుర్తుపట్టగలదు. నెట్‌వర్క్‌మేనేజర్‌ని రీస్టార్ట్ చేసి, ఎన్ఎంసీఎల్ఐ నెట్‌వర్కింగ్ కనెక్టివిటీ చెక్ అని కొట్టండి, ఫుల్ అని రావాలి.

డిస్పాచర్ స్క్రిప్ట్‌లో బరువైన పని పెట్టొద్దు. స్క్రిప్టులు ఒకదాని తర్వాత ఒకటి నడుస్తాయి, మరీ ఎక్కువసేపు పడితే చంపేస్తుంది. ఎస్ఎంఎస్ పంపడానికి డాంగిల్ కోసం అందులో ఎదురుచూస్తూ కూర్చుంటే వెనకవన్నీ ఆగుతాయి. ఎస్ఎంఎస్, బల్బు పనులను ఒక సిస్టమ్‌డీ (లైనక్స్‌లో సర్వీసులు, టైమర్లు నడిపేది) సర్వీస్‌గా రాసుకోండి. డిస్పాచర్ చేయాల్సింది సిస్టమ్‌సీటీఎల్ స్టార్ట్ అని నో-బ్లాక్ ఆప్షన్‌తో దాన్ని లేపి తప్పుకోవడమే. ఆ సర్వీస్ అప్పటికే నడుస్తుంటే రెండోసారి మొదలవ్వదు, అది కూడా మనకు మేలే. ఏం జరిగిందో చూడాలంటే జర్నల్‌సీటీఎల్ మైనస్ యూ, నెట్‌వర్క్‌మేనేజర్-డిస్పాచర్.

ఇవన్నీ చేసే ముందు ఒక్కటి అడగాలి. డీఓ 3 కిందికి వస్తే సైరన్ మోగించాలన్న నిర్ణయం ఎక్కడ జరుగుతోంది, పైలోనా, క్లౌడ్‌లోనా? క్లౌడ్‌లో అయితే నెట్ పోయిన రాత్రి నాన్నగారికి సైరన్ లేదు. మిగతా అన్నిటికంటే ముందు దాన్ని షెడ్డులోకి తెచ్చుకోండి. సెన్సర్, సైరన్ రెండూ అక్కడే ఉన్నప్పుడు ఆ మాట మీ క్లౌడ్ సర్వర్ దాకా వెళ్లి రావాల్సిన పని లేదు.

ఉండి_గట్టు:

అన్నా, చాలా థాంక్స్. మీ చివరి ప్రశ్న చదవగానే ముందు ఆ పనే చేశాను. ఇప్పుడు సైరన్ పైథాన్ ప్రోగ్రామ్‌లోనే ఉంది, రీడింగ్ చదివిన చోటే నిర్ణయం జరుగుతుంది. నెట్ ఉన్నా లేకపోయినా మోగుతుంది.

డిస్పాచర్ కూడా పని చేస్తోంది. వైరు పీకితే డౌన్ వస్తోంది. మా ఆపరేటర్ గారి అబ్బాయిని అడిగి ఆయన వైపు నుంచి కాసేపు లైను ఆపించాను, నిమిషం లోపల లిమిటెడ్ అని వచ్చింది, ఎస్ఎంఎస్ వచ్చింది.

ఎస్ఎంఎస్‌కి మోడెమ్‌మేనేజర్ వాడాను. ఎంఎంసీఎల్ఐ మెసేజింగ్-క్రియేట్-ఎస్ఎంఎస్ తో మెసేజ్ తయారుచేసి, తర్వాత సెండ్. బాగుంది. ఆ డాంగిల్‌లో డేటా కూడా ఉంది కదా, నెట్ లేనప్పుడు రీడింగులు దాని మీదే పంపుదామని దాని కనెక్షన్ ఆన్ చేశాను. అప్పటి నుంచి కొత్త ఇబ్బంది. లైను పోతే "నెట్ పోయింది" అని ఎస్ఎంఎస్, వెంటనే "నెట్ వచ్చింది" అని ఇంకోటి. అక్కడ ఎర్ర లైటు అలాగే ఉంటోంది. కొన్ని రాత్రులు లైను పోతూ వస్తూ ఉంటే మెసేజులు వరసగా పడుతున్నాయి. దీనికేం చేయాలి?

బెజవాడ_రూట్:

నెట్‌వర్క్‌మేనేజర్ తన పని సరిగ్గానే చేస్తోంది బ్రదర్. మీరు అడిగేది "ఫైబర్ ఉందా" అని, అది చెప్పేది "ఏదో ఒక దారిన బయటికి వెళ్లగలుగుతున్నామా" అని.

ఐపీ రూట్ అని కొట్టి చూడండి. మామూలుగా ఈథర్నెట్ డీఫాల్ట్ రూట్ మెట్రిక్ 100, వైఫైకి 600, మొబైల్ డేటాకి 700. తక్కువ అంకె ఉన్నదే గెలుస్తుంది. ఫైబర్ చెక్ ఫెయిల్ అవగానే నెట్‌వర్క్‌మేనేజర్ దాని మెట్రిక్‌కి 20000 కలుపుతుంది, 100 కాస్తా 20100 అవుతుంది. అప్పుడు 700 ఉన్న డాంగిల్ దారి గెలుస్తుంది, సిస్టమ్ మొత్తం మీద మళ్లీ ఫుల్ అంటుంది. మీ రీడింగులు ఏ స్క్రిప్టూ లేకుండానే 4జీ మీదికి మారిపోతాయి. ఇది చాలా మంచి ఏర్పాటు, దాన్ని చెడగొట్టకండి. కొన్ని డాంగిళ్లు మోడెమ్‌లా కాకుండా ఇంకో ఈథర్నెట్ కార్డులా కనిపిస్తాయి. వాటికి మెట్రిక్ కూడా ఈథర్నెట్ లెక్కనే పడుతుంది. అలాంటిది అయితే ఆ కనెక్షన్‌కి ఐపీవీ4.రూట్-మెట్రిక్ 700 అని చేత్తో ఇవ్వండి. లేకపోతే ఫైబర్ బాగున్నప్పుడు కూడా డేటా ప్యాక్ ఖర్చయ్యే వీలుంది.

ఎస్ఎంఎస్ మాత్రం కనెక్టివిటీ-చేంజ్ నుంచి తీసేయండి. దానికి సొంత పరీక్ష పెట్టుకోండి. ఒక సిస్టమ్‌డీ టైమర్, 30 సెకన్లకోసారి. అందులో కర్ల్‌ని (వెబ్ అడ్రస్‌ని అడిగే కమాండ్) ఇంటర్‌ఫేస్ ఈటీహెచ్0 అని కట్టేసి, మ్యాక్స్-టైమ్ 5 ఇచ్చి, రెండు వేర్వేరు చోట్లను అడగండి. ఒకటి మీ సర్వర్, రెండోది మీకు సంబంధం లేని ఇంకేదైనా. రెండూ అందకపోతేనే ఫైబర్ పోయినట్టు. మీ సర్వర్ ఒక్కటే అందకపోతే తప్పు సర్వర్‌ది, ఎస్ఎంఎస్‌లో ఆ మాటే రాయండి. లేకపోతే అనవసరంగా లైన్‌మన్‌కి ఫోన్ చేస్తారు.

వరస మెసేజులకు మందు ఏమిటంటే, పరీక్ష ఫలితం వేరు, స్థితి వేరు అని విడదీయడం. రన్ ఫోల్డర్‌లో ఒక ఫైలులో ఇప్పటి స్థితి రాసి ఉంచండి, ఉంది లేదా పోయింది. వరసగా మూడుసార్లు ఫెయిల్ అయితేనే "ఉంది" నుంచి "పోయింది"కి మార్చాలి. తిరిగి రావడానికి ఇంకా గట్టిగా ఉండండి, వరసగా పదిసార్లు అందితేనే "ఉంది". స్థితి మారిన ఆ ఒక్క క్షణంలోనే ఎస్ఎంఎస్, బల్బు. లైను ఊగుతున్న రాత్రి "పోయింది" అని ఒక్కటే వస్తుంది, పూర్తిగా కుదుటపడ్డాక "వచ్చింది" అని ఒకటి వస్తుంది. రన్ అనేది మెమరీలో ఉంటుంది, కాబట్టి 30 సెకన్లకోసారి రాసినా ఎస్‌డీ కార్డు అరగదు, రీబూట్ అయితే శుభ్రంగా మొదలవుతుంది.

డౌన్, అప్ లకు పెట్టిన డిస్పాచర్ స్క్రిప్ట్ ఉంచండి. కానీ అది కూడా నేరుగా ఎస్ఎంఎస్ పంపకుండా ఈ పరీక్షని వెంటనే ఒకసారి లేపితే చాలు. నిర్ణయం ఒక్క చోటే ఉండాలి. రెండు స్క్రిప్టులు రెండు మాటలు చెబితే అర్ధరాత్రి ఏది నమ్మాలో మీకు తెలియదు.

పాలకొల్లు_పాత_పై:

మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోవద్దు. నా దగ్గర బుల్స్‌ఐ (బుక్‌వార్మ్‌కి ముందు వెర్షన్) మీద నడిచే పాత పై ఉంది, మార్చే ఉద్దేశం లేదు. ఇంకో చోట ఉబుంటు సర్వర్ ఉంది. వీటిలో నెట్‌వర్క్‌మేనేజర్ లేదు. వీటికి ఎలా?

బెజవాడ_రూట్:

బుల్స్‌ఐ దాకా పైలో ఉన్నది డీహెచ్‌సీపీసీడీ, ఐపీ అడ్రస్ తెచ్చే ప్రోగ్రామ్. ఈటీసీలో డీహెచ్‌సీపీసీడీ.ఎగ్జిట్-హుక్ అనే ఫైలు పెట్టండి. ఇంటర్‌ఫేస్, రీజన్ అనే రెండు వేరియబుల్స్ అందులో దొరుకుతాయి. వైరు ఊడితే రీజన్ నోక్యారియర్, అడ్రస్ వస్తే బౌండ్.

ఉబుంటు సర్వర్‌లో సిస్టమ్‌డీ-నెట్‌వర్క్‌డీ ఉంటుంది. దానికి సొంతంగా స్క్రిప్ట్ ఫోల్డర్ లేదు, నెట్‌వర్క్‌డీ-డిస్పాచర్ అనే వేరే ప్యాకేజీ ఆ పని చేస్తుంది. ఈటీసీ/నెట్‌వర్క్‌డీ-డిస్పాచర్ కింద రూటబుల్.డి, నో-క్యారియర్.డి, ఆఫ్.డి, డిగ్రేడెడ్.డి లాంటి ఫోల్డర్లు ఉంటాయి, స్థితి పేరే ఫోల్డర్ పేరు. ఈ ప్యాకేజీలో 2022లో మైక్రోసాఫ్ట్ వాళ్లు నింబస్‌పవ్న్ అన్న పేరుతో లోపాలు బయటపెట్టారు. మామూలు యూజర్ రూట్ అయిపోయే రకం. అప్పుడే సరిచేశారు, కానీ ఏళ్ల తరబడి అప్‌డేట్ చేయని సర్వర్ అయితే ముందు అది చేయండి.

ఈ రెండింటిలోనూ ఎర్ర లైటు రకం దొరకదు. పైన చెప్పిన టైమర్ పరీక్ష మీకూ పెట్టుకోవాల్సిందే.

విశాఖ_ఎంక్యూటీటీ:

నేను కొంచెం అవతలి వైపు నుంచి చెప్తాను. పై మీద ఎంత మంచి స్క్రిప్ట్ పెట్టినా అది నడవాలంటే పై బతికి ఉండాలి. ఇన్వర్టర్ బ్యాటరీ అయిపోయింది, ఎస్‌డీ కార్డు పోయింది, పిడుగుకి అడాప్టర్ కాలిపోయింది. ఆ రాత్రి ఏ డిస్పాచరూ నడవదు, ఎస్ఎంఎస్ రాదు, మీరు అంతా బాగుందనుకుని పడుకుంటారు. నాకు అన్నిటికంటే భయం వేసేది ఈ మౌనమే. కాబట్టి కబురు రాకపోవడాన్ని గమనించే పని సర్వర్‌కి అప్పగించాలి.

ఎంక్యూటీటీలో దీనికి లాస్ట్ విల్ అనే ఏర్పాటు ముందే ఉంది. పై కనెక్ట్ అయ్యేటప్పుడే "నేను చెప్పకుండా పోతే ఈ టాపిక్‌లో ఈ మాట వేయి" అని బ్రోకర్‌కి (కబుర్లు అందుకుని పంచే సర్వర్ ప్రోగ్రామ్) ఇచ్చి పెడుతుంది. కీప్అలైవ్ (బతికే ఉన్నానని చెప్పే గడువు) ఎంత ఇస్తే దానికి ఒకటిన్నర రెట్లు కాలం చడీచప్పుడూ లేకపోతే బ్రోకర్ కనెక్షన్ తెంచి ఆ మాట ప్రచురిస్తుంది. 60 సెకన్లు ఇస్తే 90 సెకన్లకు మీకు తెలుస్తుంది. దాన్ని రిటెయిన్డ్‌గా పెట్టండి, తర్వాత ఎప్పుడు చూసినా చివరి స్థితి కనిపిస్తుంది. ఇది చాలదు. కనెక్షన్ ఉండి సెన్సర్ ప్రోగ్రామ్ ఆగిపోవచ్చు. అందుకని ఐదు నిమిషాలుగా రీడింగ్ రాకపోతే టెలిగ్రామ్‌లో చెప్పే చిన్న టైమర్ ఒకటి సర్వర్ మీద పెట్టండి.

అప్పుడు మీకు రెండు వైపుల నుంచీ సమాచారం ఉంటుంది. పై నుంచి "ఫైబర్ పోయింది" ఎస్ఎంఎస్ వచ్చి, 4జీ మీద రీడింగులు వస్తుంటే నిద్రపోవచ్చు, ఆపరేటర్‌కి పొద్దున ఫోన్ చేయొచ్చు. ఎస్ఎంఎస్ వచ్చి రీడింగులు రాకపోతే కబురు దారులు మూసుకున్నాయి, కానీ షెడ్డులో సైరన్ ఉంది. ఎస్ఎంఎస్ లేకుండా సర్వర్ నుంచి "రీడింగ్ లేదు" అని వస్తే పై లేదా కరెంటు పోయినట్టు. నాన్నగారిని లేపాల్సింది ఈ ఒక్కసారే.

రీడింగులు దాచడానికి కూడా స్క్రిప్ట్ అక్కర్లేదు. పై మీదే మస్కీటో అనే ఎంక్యూటీటీ బ్రోకర్ ఒకటి పెట్టి, దాన్ని క్లౌడ్ బ్రోకర్‌కి బ్రిడ్జ్ చేయండి, అంటే కలిపేయండి. సెన్సర్ ప్రోగ్రామ్ ఎప్పుడూ పక్కనున్న బ్రోకర్‌కే ఇస్తుంది. బ్రిడ్జ్‌లో క్యూఓఎస్ 1 (అందిందని జవాబు కోరడం), క్లీన్‌సెషన్ ఫాల్స్ (పాత క్యూ చెరపకపోవడం) పెడితే దారి లేనంతసేపూ క్యూలో ఉంచి, దారి రాగానే వరసగా పంపుతుంది. మ్యాక్స్_క్యూడ్_మెసేజెస్ మామూలుగా 1000. మీకు నిమిషానికి ఒకటి కాబట్టి పదహారున్నర గంటలకు పైగా సరిపోతుంది. తుఫాను రోజుల్లో లైన్లు అంతకంటే ఎక్కువే పోతాయి, పెంచుకోండి. పర్సిస్టెన్స్ ఆన్ చేయండి. అప్పుడు కూడా డిస్క్ మీదికి రాసేది 1800 సెకన్లకోసారి, మధ్యలో పై ఆగితే ఆ అరగంట పోతుంది. ఆటోసేవ్_ఇంటర్వల్ 300 చేస్తే చాలు.

ఇంకొకటి ఎవరూ అనలేదు. పై 4లో గడియారం చిప్ లేదు, టైము నెట్ నుంచే తెచ్చుకుంటుంది. నెట్ లేని రాత్రి పై రీబూట్ అయితే టైము తప్పుగా ఉంటుంది, దాచిన రీడింగులన్నీ తప్పు టైముతో పడతాయి. తెల్లవారుజామున డీఓ ఎంతకు పడిందో చూడాలనుకునే మీకు అది పెద్ద నష్టం. డీఎస్3231 ఆర్‌టీసీ (గడియారం) మాడ్యూల్ ఒకటి తగిలించండి, ధర తక్కువే. పై స్తంభించిపోతే దానంతట అదే రీబూట్ కావడానికి సిస్టమ్‌డీలో రన్‌టైమ్‌వాచ్‌డాగ్‌సెక్ 10 అని పెట్టండి, హార్డ్‌వేర్ వాచ్‌డాగ్ పైలోనే ఉంది.

ఉండి_గట్టు:

అక్కా, మీరు చెప్పిన మూడో రకం గురించి నేను ఇంతవరకు ఆలోచించలేదు. లాస్ట్ విల్ పెట్టాను, సర్వర్ టైమర్ పెట్టాను. పై ప్లగ్ పీకించి చూస్తే కబురు వచ్చింది. బ్రిడ్జ్ కూడా నడుస్తోంది. ఆర్‌టీసీ మాడ్యూల్ ఆర్డర్ చేశాను.

బెజవాడ అన్న చెప్పిన టైమర్ పరీక్ష పెట్టాక వరస మెసేజులు ఆగాయి. మొన్న రాత్రి లైను చాలాసార్లు ఊగింది, నాకు వచ్చినవి రెండే ఎస్ఎంఎస్‌లు. రీడింగులు డాంగిల్ మీద వస్తూనే ఉన్నాయి. నాన్నగారిని లేపలేదు. ఇది ఎవరికైనా పనికొస్తుందని డిస్పాచర్, పరీక్ష, సర్వీస్ మూడూ శుభ్రంగా రాసి ఇక్కడే పెడతాను, కామెంట్లు తెలుగులో రాస్తాను. మా వైపు సెన్సర్లు పెట్టుకునే రైతుల పిల్లలు ఇంకా ఉన్నారు.

చివరిగా ఒకటి. డాంగిల్ కనెక్షన్ ఒక్కోసారి కొన్నిసార్లు ప్రయత్నించి ఊరుకుంటోంది, తర్వాత చేత్తో అప్ చేయాల్సి వస్తోంది.

బెజవాడ_రూట్:

ఆ కనెక్షన్‌కి కనెక్షన్.ఆటోకనెక్ట్-రీట్రైస్ 0 ఇవ్వండి. మామూలుగా 4 సార్లు చూసి ఆగుతుంది, 0 అంటే ఎప్పటికీ మానదు. ఈటీహెచ్0 కనెక్షన్‌కి కూడా అదే ఇవ్వండి.

ఆ డాంగిల్ సిమ్ ప్రీపెయిడ్ అయితే వ్యాలిడిటీ అయిపోయిన సంగతి మీకు ఎవరూ చెప్పరు, ఎస్ఎంఎస్ పోవట్లేదని అవసరమైన రాత్రే తెలుస్తుంది. రోజూ సాయంత్రం 6 గంటలకు "సిమ్ బాగుంది, డీఓ ఇంత" అని ఒక ఎస్ఎంఎస్ పంపే టైమర్ పెట్టండి. 6:10 కల్లా రాకపోతే ఆ రోజే రీచార్జ్ చూసుకోండి.